వేపచెట్టులోని వలస పిట్ట ఎప్పుడు వెళ్లిపోతుంది?

వలస పక్షులనగానే ఓరుగల్లువాళ్లకు పాకాల, లక్నవరం నీళ్ల మీద తేలే బాతులు, చెరువుల అంచున తిరిగే ఉల్లంకి పిట్టలు గుర్తొస్తాయి. ఊరి నడుమ హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లోనో, భద్రకాళి చెరువు పక్కన తోటల్లోనో ఏ వేపచెట్టు కిందో నిలబడితే నెత్తి మీద "చిస్‌వీ, చిస్‌వీ" అని సన్నటి అరుపు వినిపిస్తుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆ అరుపు గ్రీనిష్ వార్బ్లర్‌ది, ఆకుల్లో పురుగులు ఏరుకు తినే చిన్న పిట్టది. బరువు ఏడెనిమిది గ్రాములు, అంటే సుమారుగా పది రూపాయల నాణెమంత (నాణెం 7.71 గ్రాములు). మధ్య ఆసియా, సైబీరియా వైపు అడవుల్లో పుట్టి, చలికి ముందే ఇక్కడికి దిగి, ఏప్రిల్ దాకా ఆ వేపనో పక్కనున్న కానుగనో తన సొంత జాగాగా కాపలా కాసి, మళ్లీ అంత దూరమూ ఎగిరి వెళ్తుంది. ఆ అరుపు కూడా పాట కాదు. "ఈ చెట్టు నాది, ఇటు రాకు" అని తన జాతివాళ్లకు చేసే హెచ్చరిక. ఒక చెట్టు దగ్గర రోజూ వినిపించేది చాలావరకు ఒకే పిట్ట కావడానికి కారణం ఇదే.

వసంతకాలపు వలస గురించి పుస్తకాల్లో, వీడియోల్లో దొరికే సమాచారం ఎక్కువగా యూరప్, అమెరికాలది. అక్కడ వసంతమంటే రాక: మంచు కరిగాక పక్షులు దక్షిణం నుంచి వచ్చి దిగుతాయి, పాడతాయి, జత కడతాయి. 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న వరంగల్‌లో అదే వలస తలకిందులుగా కనిపిస్తుంది. మనకు వసంతమంటే పోక. ఏప్రిల్‌లో ఒక్కరోజు బైనాక్యులర్ పట్టుకుని పార్కుకు వెళ్లి "ఏమీ లేవే" అనుకుని తిరిగొచ్చేవాళ్లు చేసిన పొరపాటు ఫిబ్రవరిలో వెళ్లకపోవడమే. అప్పుడు ఎన్ని ఉన్నాయో తెలిస్తేనే ఇప్పుడు ఎన్ని వెళ్లాయో కనిపిస్తుంది.

ఎవరు చుట్టాలు, ఎవరు ఇంటివాళ్లు

తికమక మొదలయ్యేది ఇక్కడే. మార్చి నుంచి మే దాకా పార్కులో వినిపించే గొంతుల్లో నాలుగు రకాల పక్షులు కలిసిపోయి ఉంటాయి.

ముందు ఇంటివాళ్ల సంగతి. "ఉగాదికి కోయిల వచ్చింది" అని మనం తరతరాలుగా అనుకుంటున్నాం. కోయిల ఎక్కడికీ పోలేదు, రానూ లేదు. చలికాలమంతా ఇవే మర్రి, రావి చెట్ల మీద పండ్లు తింటూ నోరు మెదపకుండా ఉంది, అంతే. పెద్ద నల్లంచి కూడా ఇంతే. డిసెంబరులో గోడ పక్కన కిచకిచమనే పిట్ట, ఫిబ్రవరి చివరినుంచి తెల్లవారకముందే కరెంటు స్తంభం మీద కూర్చుని రాగాలు తీస్తుంది. కొత్తగా వినిపించిన ప్రతి గొంతూ కొత్తగా వచ్చిన పిట్టది కాదు. వసంతంలో కొత్త పాట విన్నప్పుడు ముందుగా స్థానిక పక్షినే అనుమానించడం మంచిది.

రెండో రకం చలికాలపు చుట్టాలు. ఈ వ్యాసంలో ఎక్కువ మాట్లాడేది వీటి గురించే. చెట్ల కొమ్మల్లో గ్రీనిష్ వార్బ్లర్, పొదల్లో బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, తుమ్మల్లో లెసర్ వైట్‌త్రోట్, నీడ కొమ్మల మీద రెడ్‌బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, కంచె తీగ మీద బ్రౌన్ ష్రైక్, చెరువు అంచున పచ్చ వాగ్‌టెయిళ్లు, మోదుగు పూల మీద గులాబి గోరింకలు. పండు చెట్ల మీద పసుపు వన్నె వంగపండు పిట్ట కూడా మన దగ్గర ప్రధానంగా చలికాలంలోనే కనిపిస్తుంది.

మూడో రకం దారిన పోయేవి. కేరళలోనో శ్రీలంకలోనో చలికాలం గడిపి ఉత్తరానికి మళ్లుతూ, మన దగ్గర ఒక పూటో రెండు రోజులో ఆగి తిని పోయేవి. కష్టం ఏమిటంటే ఇవి చాలావరకు రెండో రకంలోని జాతులే. చూడగానే తేడా తెలియదు. లెక్కలోనే తెలుస్తుంది. నెలరోజులుగా మూడు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్లు ఉన్న తోటలో ఏప్రిల్‌లో ఒక ఉదయం పది వినిపిస్తే, పైగా మామూలుగా ఉండని చోట కూడా వినిపిస్తే, రాత్రికి రాత్రి దక్షిణం నుంచి ఒక గుంపు దిగిందన్నమాట. రెండు రోజుల తర్వాత మళ్లీ మూడుకో, రెండుకో పడిపోతుంది.

నాలుగోది నవరంగ్ పిట్ట. అది వేరే కథ, చివర్లో చెప్పుకుందాం.

పోయేది ఎండకు భయపడి కాదు

"శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అని మనం ఎండాచలీ చూసి కాలాన్ని కొలుస్తాం. పిట్ట ప్రధానంగా పగటి పొడవుతో కొలుస్తుంది. వరంగల్‌లో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలు, జూన్ చివర 13 గంటల పైచిలుకు. ఏడాది మొత్తంలో తేడా రెండు గంటలే. అంత చిన్న మార్పు చాలదన్నట్టు వాటి ఒంట్లో సొంత ఏడాది గడియారం కూడా ఒకటి నడుస్తుంటుంది. పగలూ రాత్రీ మారని గదిలో పెంచిన వలస పిట్టలు కూడా కాలం రాగానే రాత్రుళ్లు రెక్కలు కొట్టుకుంటూ కుదురు లేకుండా తిరగడం శాస్త్రవేత్తలు చూశారు. ఈ రెండూ కలిసి నెలను నిర్ణయిస్తాయి. ఏ రాత్రి బయల్దేరాలన్నది మాత్రం గాలి, మబ్బు, ఒంట్లో చేరిన కొవ్వు తేలుస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో మన దగ్గర సాయంత్రం గాలివాన కొట్టిందంటే ఆ రాత్రి ప్రయాణం ఆగుతుంది. మరునాటి ఉదయం పార్కుకు వెళ్లడం దండగ కాదు.

కొవ్వు అంటే పిట్టకు బండిలో పెట్రోలు. బయల్దేరడానికి ముందు రెండు మూడు వారాలు మామూలుకన్నా ఎంతో ఎక్కువగా తింటాయి. సుదూరం ఎగిరే కొన్ని చిన్న జాతులు బయల్దేరే నాటికి దాదాపు రెట్టింపు బరువుకు చేరతాయి. ఈ తిండి ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే పార్కులో ఎక్కడ నిలబడాలో తెలిసినట్టే.

వార్బ్లర్లు, ఫ్లైక్యాచర్లు రాత్రే ఎగురుతాయి. చల్లటి గాలిలో ఒంట్లో నీరు తక్కువ ఖర్చవుతుంది, డేగల బెడద ఉండదు, గాలి నిలకడగా ఉంటుంది, చుక్కలు దారి చూపుతాయి, పగలంతా తినడానికి మిగులుతుంది. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే మన పగటి గాలిలో ఏడు గ్రాముల పిట్ట గంటల తరబడి రెక్కలాడిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. గులాబి గోరింకలు, వాగ్‌టెయిళ్లు, వానకోవెలలు మాత్రం ఎక్కువగా పగటిపూట ప్రయాణిస్తాయి. అందుకే వార్బ్లర్ పోవడం ఎవరి కంటా పడదు. సాయంత్రం ఉంటుంది, తెల్లారేసరికి ఉండదు.

ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు

నగరంలో అనువైన చోట్లకు కొదవ లేదు. భద్రకాళి చెరువు కట్ట, దాని పక్కన కాకతీయ మ్యూజికల్ గార్డెన్, పద్మాక్షి గుట్ట పాదం, హంటర్ రోడ్డులోని జంతుప్రదర్శనశాల ఆవరణ, వడ్డేపల్లి చెరువు అంచు, కాకతీయ విశ్వవిద్యాలయం, ఎన్ఐటీ ఆవరణల్లోని పాత చెట్లు. ప్రాంగణాల్లోకి వెళ్లాలంటే గేటు దగ్గర అనుమతి అడగాలి. పేరున్న చోటుకన్నా ఇంటికి దగ్గరి చోటు మేలు, ఎందుకంటే ఈ పనికి వారానికి రెండుసార్లయినా వెళ్లగలగాలి.

పచ్చగా దువ్వినట్టుండే లాన్‌లో వార్బ్లర్ ఉండదు. మూడు అంతస్తులున్న చోటు వెతకండి: పైన వేప, చింత లాంటి పెద్ద చెట్టు, నడుమ కత్తిరించని పొదలు, కింద రాలిన ఆకులు. కానుగ చెట్టును ప్రత్యేకంగా చూడాలి. దాని ఆకుల మీద బొబ్బలు, తెల్లటి వంకర గీతలు కనిపిస్తాయి కదా, అవి పురుగులు చేసినవి. మనకు చెట్టుకు తెగులు, పిట్టకు విందు. మార్చిలో పాత ఆకు రాల్చి కొత్త చిగురు వేసే రోజుల్లో ఒక్క కానుగ కింద అరగంట నిలబడితే పార్కంతా తిరిగినంత ఫలితం. మోదుగు, బూరుగ పూసినప్పుడు గులాబి గోరింకలు గుంపులుగా దిగి తేనె తాగుతాయి. మేడి, రావి పండితే వంగపండు పిట్ట వస్తుంది. ఎండ ముదిరాక అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు: కారుతున్న కుళాయి, మొక్కలకు పెట్టిన పైపు దగ్గర నిలిచిన గుంట, నీడలో ఉంటే చాలు. పది అడుగుల దూరంలో కదలకుండా కూర్చోవాలి.

వేళ విషయంలో రాజీ పడొద్దు. ఫిబ్రవరి మధ్యలో సూర్యోదయం 6:40 ప్రాంతంలో, ఏప్రిల్ మధ్యకల్లా 6 లోపే. ఆ తర్వాతి గంటన్నర విలువైనది. ఏప్రిల్‌లో ఎనిమిదిన్నరకల్లా పిట్టలు నీడలోకి జారుకుని గొంతు తగ్గిస్తాయి. ఒక కిలోమీటరు లోపు దారి ఎంచుకుని అందులో నాలుగైదు చోట్ల పదేసి నిమిషాలు నిలబడండి. నడుస్తూ చూసేదానికన్నా నిలబడి చూసేది రెట్టింపు. ఉదయం సూర్యుడు వీపు వైపు ఉండేలా దారి తిప్పుకోకపోతే ప్రతి పిట్టా నల్లటి నీడే.

బైనాక్యులర్ 8x42 కొనండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10x తీసుకుంటే ఇంకా పెద్దగా కనిపిస్తుందన్న ఆశతో చాలామంది మోసపోతారు. చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది, చూపు పరిధి తగ్గుతుంది, ఆకుల్లో గెంతే పిట్ట దొరకదు. కొన్న రోజే డయాప్టర్ (రెండు కళ్ల చూపులో తేడాను సరిచేసే రింగు) సరిచేయాలి. కుడి వైపు ముందు అద్దం మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలు స్పష్టమయ్యేదాకా నడిమి చక్రం తిప్పండి. తర్వాత ఎడమ అద్దం మూసి, నడిమి చక్రాన్ని ముట్టకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేయండి. ఈ పని చేయని బైనాక్యులర్‌తో గంట చూస్తే తలనొప్పి ఖాయం. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి రబ్బరు కప్పులను లోపలికి తిప్పుకోవాలి. ఇక పిట్ట కనిపించినప్పుడు దాని మీదినుంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తేవాలి. బైనాక్యులర్‌లోనే చెట్టంతా వెతికితే పిట్ట దొరకదు, మెడ పడుతుంది.

గుర్తుపట్టడంలో జరిగే తప్పులు

చిన్న గోధుమ, ఆకుపచ్చ పిట్టలన్నీ ఒకేలా ఉంటాయన్నది నిజమే. రంగుతో మొదలుపెడితే అలాగే ఉంటాయి. ఆకుల నీడలో గోధుమ రంగు పచ్చగా కనిపిస్తుంది, మార్చినాటికి ఈకలు అరిగి పచ్చ రంగు బూడిదగా మారుతుంది. అందుకే రంగును చివరికి పెట్టి, ముందు రెండు సంగతులు చూడాలి: ఏ ఎత్తులో తిరుగుతోంది, ఏమని అరుస్తోంది.

చెట్టు పై కొమ్మల్లో ఆకు ఆకుకూ గెంతుతూ, ఒక్క క్షణం నిలవకుండా "చిస్‌వీ" అంటే గ్రీనిష్ వార్బ్లర్. కంటి మీద పొడవాటి లేత పసుపు కనుబొమ, కంటి గుండా ముదురు గీత. రెక్క మీద సన్నటి తెల్లని అడ్డగీత ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. అది వసంతానికి అరిగిపోయి కనిపించకపోవచ్చు. గీత లేదని వేరే జాతి పేరు రాసేయడం అందరూ చేసే తప్పు. రెండో తప్పు ఆడ తేనెపిట్టను వార్బ్లర్ అనుకోవడం. ముక్కు కిందికి వంగి ఉంటే తేనెపిట్టే, ఇక చర్చ లేదు. నెత్తి మీద ఇటుక రంగు, నిలువుగా లేచిన తోక ఉంటే అది మన కుట్టు పిట్ట, ఏడాదంతా ఇక్కడే ఉంటుంది.

పొద లోపలి నుంచి, నాలుకతో చప్పరించినట్టు "చెక్... చెక్" అని ఆగి ఆగి వినిపిస్తే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. ఐదు నిమిషాలు విన్నా బయటికి రాదు. తుమ్మల్లో అలాంటిదే, ఇంకొంచెం గట్టిగా "టెక్" అంటూ, తల బూడిద, గొంతు తెలుపుగా ఉంటే లెసర్ వైట్‌త్రోట్. చెరువు జమ్ములోంచి కర్కశంగా, బిగ్గరగా అరిచే పెద్ద పిట్ట ఈ రెండూ కాదు, క్లామరస్ రీడ్ వార్బ్లర్.

బ్లిత్స్ రీడ్ వార్బ్లర్‌ను ఏప్రిల్‌లో వినడం ఈ కాలపు పెద్ద బహుమతి. ఫిన్లాండ్ నుంచి సైబీరియా దాకా గూడు కట్టే ఈ జాతికి చలికాలపు ఇల్లు ప్రధానంగా భారత ఉపఖండమే. ఆరు నెలలు "చెక్" తప్ప మాట్లాడని పిట్ట వెళ్లేముందు పొదలోనే మెల్లగా పాట సాధన మొదలుపెడుతుంది. ఒక్కో ముక్కను రెండు మూడుసార్లు తిప్పి తిప్పి అంటుంది, నడుమ ఇతర పక్షుల అరుపులు అనుకరిస్తుంది. ఆ అనుకరణల వల్లే అరుపు విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ అనే ఫోన్ యాప్ ఒక పొదలో ఐదు జాతులున్నట్టు చూపించగలదు. యాప్ చెప్పింది సూచన మాత్రమే. కంటితోనో చెవితోనో నిర్ధారించుకున్నాకే పేరు రాయాలి.

ఫ్లైక్యాచర్ల చిక్కు ఇంకోటి. నీడ కొమ్మ మీద కూర్చుని, తోక పైకి విసిరి, పురుగు కోసం ఎగిరి మళ్లీ కూర్చునే చిన్న పిట్టకు తోక మొదట్లో రెండు పక్కలా తెల్ల మచ్చలుంటే అది రెడ్‌బ్రెస్టెడ్ కావచ్చు, టైగా కావచ్చు. గొంతు నారింజ రంగు మీద ఆధారపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇది: ఎదిగిన మగ రెడ్‌బ్రెస్టెడ్‌కు ఆ రంగు చలికాలంలోనూ ఉంటుంది. మగ టైగాకు చలికాలంలో పోయి, వసంతంలో మళ్లీ వస్తుంది, దాని చుట్టూ బూడిద రంగు అంచు ఉంటుంది. ఆడవాటికి, కుర్రవాటికి రంగే ఉండదు. అప్పుడు కింది ముక్కు చూడాలి. మొదలు లేత రంగులో ఉంటే రెడ్‌బ్రెస్టెడ్, ముక్కంతా నలుపైతే టైగా. తోక మొదట్లో పైనుండే చిన్న ఈకలు కాటుకలా నల్లగా ఉండటం కూడా టైగా గుర్తే. కనిపించకపోతే రెండు పేర్ల మధ్య గీత పెట్టి రాసే వీలు ఈబర్డ్‌లో (చూసిన పక్షుల జాబితాలు నమోదు చేసే వెబ్‌సైట్, యాప్) ఉంది. ఊహించి ఒకటి రాయడం కన్నా అది గౌరవమైన పని.

వెళ్లేముందు వేషం మార్చేవి ఇంకా ఉన్నాయి. డిసెంబరులో మట్టి రంగులో ఉన్న పచ్చ వాగ్‌టెయిళ్లు మార్చి చివరికి నిమ్మపండులా మెరుస్తాయి. గులాబి గోరింక ఇంకో పద్ధతి పాటిస్తుంది. కొత్త ఈకలు వేసుకోదు, ఈకల చివర్లున్న మట్టి రంగు అరిగిపోయి లోపలి గులాబీ బయటపడుతుంది.

రాసుకోవడమే సగం పని

వలసను ఒక్కరోజు చూడలేం, తేదీల వరుసలోనే చూడగలం. ఈబర్డ్‌లో జాబితా మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు, ఎంత దూరం, ఒక్కో జాతి ఎన్ని అన్నవి తప్పనిసరిగా నింపండి. చూసినవన్నీ రాశారా అని అడిగినప్పుడు, కాకులూ మైనాలూ సహా అన్నీ రాసినప్పుడే అవునని చెప్పాలి. నచ్చినవే రాసి అవునంటే, రాయనివి అక్కడ లేవని లెక్కల్లోకి ఎక్కుతుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపుతో మొదలుపెడితే సరిగ్గా చుట్టాలన్నీ ఇంట్లో ఉన్నప్పటి లెక్క చేతికొస్తుంది.

అక్కడినుంచి ఒక్కో జాతికీ చివరిసారి ఎప్పుడు కనిపించిందో రాయాలి. ఇది మొదటి తేదీ రాయడం కన్నా కష్టం, ఎందుకంటే చివరిది చివరిదని ఆ రోజు తెలియదు. కనిపించని రోజు జాబితా కూడా పెడితేనే ఆ తేదీకి విలువ. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి చేసిన పక్షుల సర్వే ఇప్పటికీ పనికొస్తున్నదంటే కారణం ప్రతి పక్షికీ చోటు, తేదీ ఉండటమే.

దాగిన పిట్టను బయటికి రప్పించడానికి ఫోన్‌లో దాని గొంతు వినిపించకండి. ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటున్న పిట్ట, లేని శత్రువు కోసం తిండి మాని వెతుకుతుంది. ఇక పార్కుల నిర్వహణ చూసేవాళ్లతో మాట్లాడగలిగితే అడగాల్సినవి రెండే: పొదల కత్తిరింపు మే దాకా ఆపమని, ఒక మూలనైనా రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టొద్దని. ఆ ఆకుల కింద ఉన్నదంతా పురుగులే.

ఏప్రిల్ మొదట్లో ఫ్లైక్యాచర్లు, నెల సగానికి గులాబి గోరింకలు, నెలాఖరుకు గ్రీనిష్ వార్బ్లర్లు పలచబడతాయి. బ్లిత్స్ రీడ్ మే మొదటి రోజుల్లోనూ ఒకటీ అరా దొరకొచ్చు. సరిగ్గా ఆ ఖాళీలోకే నవరంగ్ పిట్ట వస్తుంది. దక్షిణాదిలో, శ్రీలంకలో చలికాలం గడిపి, మధ్య భారతం, హిమాలయ పాదాల అడవుల్లో గూడు కట్టడానికి మన మీదుగా ఉత్తరానికి పోతుంది. శాస్త్రీయ వర్గీకరణలో ఇది పాట పిట్టల శాఖలోకి రాదు, కూత పుట్టుకతోనే వస్తుంది, నేర్చుకోదు. కానీ చూసినవాళ్లు మరిచిపోలేరు. ఆకుపచ్చ వీపు, నీలి రెక్క మచ్చ, తోక కింద ఎరుపు, మొండి తోక. రాత్రి ప్రయాణంలో దీపాలకు, అద్దాలకు తగిలి అలసిపోయి ఇళ్ల ముంగిట పడేది తరచుగా ఇదే. దొరికితే చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. సాయంత్రానికి నిలబడగలిగితే దగ్గరి చెట్ల కింద వదలండి, రెక్క వేలాడుతుంటే అటవీ శాఖకు ఇవ్వండి. బాగున్నదాన్ని చూడాలంటే మే నెలలో, రోహిణి కార్తెకు ముందు, ఆకులు ఊడ్చని ఆ మూల దగ్గర పొద్దుగుంకే వేళ కూర్చోండి. "వీట్-ట్యూ" అని రెండు ముక్కల ఈల వినిపించాక చూడాల్సింది కొమ్మల్లో కాదు, నేల మీద.